ఎవరి కోసం పుస్తకం?
(విల్నా ఘెట్టో లైబ్రేరియన్ల గురించి)

రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ ఆక్రమణ కింద నలిగిన దేశాల లైబ్రేరియన్లు పుస్తకాల మీది ప్రేమకొద్దీ నాజీలను చాటుగా ఎదిరించారని చెప్పే నవలలూ, సినిమాలూ, వ్యాసాలూ ఇటీవల విరివిగా వస్తున్నాయి. చదివినవాళ్ళు కంటతడి పెట్టుకుంటున్నారు. పుస్తకం పవిత్రమైనది, ఫాసిస్టు దాన్ని తగలబెట్టేవాడు, కనక దాన్ని దాచినవాడు వీరుడు - ఇదీ వాటిలో కనిపించే తర్కం. ఇందులో అబద్ధమేమీ లేదు. సగం నిజం మాత్రమే వుంది. ఆ సగంతో తృప్తిపడితే ఆ లైబ్రేరియన్లు నిజంగా చేసిన పనేమిటో మనకు ఎప్పటికీ అర్థం కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, నాజీలందరూ పుస్తకాలను తగలబెట్టేవాళ్ళు కారు. 1933 మే నెలలో బెర్లిన్‌లో పుస్తకాలు గుట్టపోసి నిప్పంటించినవాళ్ళూ నాజీలే. 1942లో లిథువేనియాలోని విల్నా నగరానికి (నేటి విల్నియస్) వచ్చి, యూదుల పుస్తకాలను వెల కట్టి ఏరుకున్న డాక్టర్ యోహన్నెస్ పోల్ కూడా నాజీయే. ఈ పోల్ మొదట కాథలిక్ మతాచార్యుడు. జెరూసలేములో హీబ్రూ చదువుకున్నాడు. బెర్లిన్ ప్రభుత్వ గ్రంథాలయంలో పనిచేశాడు. తర్వాత, ఆక్రమిత దేశాల సాంస్కృతిక సంపదను కొల్లగొట్టటానికి అల్ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ నడిపిన దళంలో చేరి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో "యూదు సమస్య"ను పరిశోధించే నాజీ సంస్థ కోసం హీబ్రూ గ్రంథాలు పోగుచేశాడు. అంటే వృత్తిరీత్యా అతనూ లైబ్రేరియనే. అపురూపమైన ప్రతి చేతికి వస్తే దాని విలువ అతనికి తెలుసు. దాన్ని జాగ్రత్తగా పెట్టెలో సర్దించి పంపటమూ తెలుసు. పుస్తకప్రేమే ప్రతిఘటన అయితే పోల్‌ను ఏ వరసలో కూర్చోబెట్టాలి?

ఇది మాటకు మాటగా అడుగుతున్న ప్రశ్న కాదు. యూదు పండితుడు నోహ్ ప్రిలుట్స్కి చేత విలువైన గ్రంథాల జాబితా రాయించుకుని, 1941 ఆగస్టులో అతన్ని చంపేశారు. జాబితా అక్కర్లోకి వచ్చింది. జాబితా రాసినవాడు అక్కర్లేకపోయాడు. పుస్తకం కావాలి, దాన్ని చదివే జాతి అక్కర్లేదు - ఇదీ పోల్ తరహా గ్రంథాలయశాస్త్రం. నాజీల సంస్కృతిని ఇంత సూటిగా బయటపెట్టే ఉదాహరణ మరొకటి నాకు తోచటం లేదు.

దీనికి ఎదురుగా నిలబడిన మనిషి హెర్మన్ క్రూక్. ఇతను వార్సాలో "బుండ్" అనే యూదు సోషలిస్టు కార్మికపక్షానికి చెందినవాడు. కార్మికుల కోసం పెట్టిన గ్రోసెర్ గ్రంథాలయాన్ని నడిపినవాడు. 1939లో జర్మన్లు పోలెండు మీద పడ్డప్పుడు వార్సా నుంచి పారిపోయి విల్నా చేరాడు. 1941 జూన్‌లో వాళ్ళు అక్కడికీ వచ్చారు. మరోసారి పారిపోవటానికి ఇష్టపడక, జరిగేదంతా రాస్తూ వుండిపోదామని నిశ్చయించుకున్నాడు. ఆ రాసిన దినచర్యే ఇవాళ మనకు మిగిలిన ముఖ్యసాక్ష్యం.

మన గ్రంథాలయోద్యమం ఎరిగిన పాఠకుడికి క్రూక్ వంటివాడు పూర్తిగా కొత్తవాడు కాడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం పెట్టినవాళ్ళకూ, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగిన వట్టికోట ఆళ్వారుస్వామికీ లైబ్రరీ అంటే అలమార్లు కాదు, మనుషులు. క్రూక్‌కూ అంతే. పోలిక ఇంతకంటె ముందుకు లాగటం న్యాయం కాదు. విల్నాలో జరిగింది వేరు.

1941 సెప్టెంబరు 6న విల్నా యూదులను ఊరి పాతబస్తీలోని కొన్ని ఇరుకు సందుల్లోకి తోలి చుట్టూ మూసేశారు. ఆ సందుల్లో స్ట్రషూన్ వీధి 6వ నంబరు ఇంట్లో పాత యూదు గ్రంథాలయం ఒకటి వుంది. అది ఘెట్టో హద్దుల లోపల పడింది. మనుషులు మెట్ల మీదా నడవాల్లోనూ పడుకుంటున్న రోజుల్లోనే క్రూక్ దాన్ని తెరిచి పుస్తకాలు ఎరువివ్వటం మొదలుపెట్టాడు. ఊరి బయట పొనారి అడవిలో గోతులు తవ్వి వుంచారు. వారం వారం మనుషులను తీసుకుపోయి కాల్చేస్తున్నారు. 1941 ముగిసేసరికి నగరంలోని యూదులలో సగానికి పైగా హతమయ్యారు. లైబ్రరీ నడుస్తూనే వుంది. అక్టోబరు 1న, యూదుల ఉపవాసపర్వం నాడు, వేలమందిని పట్టుకుపోయారు. మర్నాడు పుస్తకాల కోసం వచ్చినవాళ్ళ సంఖ్య తగ్గలేదు సరికదా పెరిగింది. ఇది క్రూక్‌కే వింతగా తోచి లెక్క రాసుకున్నాడు.

ఆ లెక్క రాసుకోవటం దగ్గరే నాకు అతని మీద గౌరవం కలిగింది. 1942 అక్టోబరులో అతను ఘెట్టో గ్రంథాలయం మీదా పాఠకుల మీదా ఒక నివేదిక తయారుచేశాడు. శాంతికాలంలో ఏ పురపాలక గ్రంథాలయాధికారో పైవాళ్ళకు సమర్పించే నివేదిక లాగే వుంటుంది అది: ఎంతమంది సభ్యులు, ఏ వయసువాళ్ళు, ఏ భాషలో ఏ రకం పుస్తకాలు, పాతబడి చిరిగినవెన్ని. పైవాళ్ళెవరూ లేరు. ఆ పాఠకులలో చాలామంది మరుసటి ఏడు బతికి వుండరు. అయినా రాశాడు. గోడ మీద నోటీసులు కూడా పెట్టారు: అన్నం తింటూ చదవకండి, అంచుల్లో రాతలు రాయకండి, పేజీలు మడవకండి, ఇంట్లో అంటువ్యాధి వుంటే లైబ్రేరియన్‌కు చెప్పండి. రేపు వుంటామో వుండమో తెలియని మనిషితో, నువ్వు పేజీ మడవకూడదు సుమా, నీ తర్వాత మరొకడు చదవాలి అని చెప్పటంలో ఎంత మొండి ధైర్యం వుందో ఆలోచించండి. జర్మన్ అధికారి దృష్టిలో ఆ మనిషి ఒక అంకె. లైబ్రేరియన్ దృష్టిలో అతను సభ్యుడు. అతనికి హక్కులున్నాయి, బాధ్యత వుంది, గడువు తేదీ వుంది. 1942 డిసెంబరు 13న లక్షవ పుస్తకం ఎరువిచ్చిన సందర్భంగా సభ చేసుకున్నారు.

ఇక్కడే అభ్యుదయ విమర్శకుడికి ఇబ్బంది కలిగించే ప్రశ్న వస్తుంది: ఆ లక్ష పుస్తకాలూ ఏమిటి? క్రూక్ నివేదిక దాచలేదు. ఎరువు పోయినవాటిలో నాలుగింట మూడువంతులకు మించి కథలూ నవలలూ. వాటిలోనూ అధికభాగం కాలక్షేపం సరుకు. ఎడ్గార్ వాలెస్ రాసిన అపరాధపరిశోధక నవలల వంటివి. సాయంత్రం దాకా వెట్టిచాకిరీ చేసి వచ్చిన మనిషి ఒక గంటసేపు తానెక్కడున్నాడో మరిచిపోవటానికి పుస్తకం అడిగాడు. ఘెట్టోలో చదువు చాలావరకు మత్తుమందుగా పనిచేస్తున్నదని క్రూక్ స్వయంగా గుర్తించాడు. అతను సోషలిస్టు, కార్మికుడి చేత మంచి సాహిత్యం చదివించి చైతన్యవంతుణ్ణి చెయ్యాలన్నది అతని జీవితాశయం. ఇది అతనికి రుచించలేదు.

మనలో చాలామందిమి పలాయనసాహిత్యాన్ని ఖండిస్తూ పేజీలకు పేజీలు రాసినవాళ్ళమే. ఆ ఖండన తప్పని నేననను. కాని ఆ వ్యాసాలలో ఒక సౌకర్యం వుంది: పారిపోయేవాడికి పోరాడే అవకాశం కూడా వున్నదని ముందుగా అనుకుంటాం. పొనారి గోతుల అంచున వున్నవాడికి డిటెక్టివ్ నవల ఇవ్వను, టాల్‌స్టాయ్ తీసుకో అని చెప్పగల విమర్శకుడు ఎవరు? క్రూక్ గొప్పతనం నా దృష్టిలో రెండు పనులూ చెయ్యటంలో వుంది. తనకు నచ్చని పుస్తకం అడిగినా ఇచ్చాడు. నచ్చలేదన్న సంగతి నివేదికలో రాశాడు. మరో సంగతి కూడా రాశాడు: గట్టి పాఠకులు కొందరు వెదికి వెదికి చదివే పుస్తకాలున్నాయి. వాటిలో టాల్‌స్టాయ్ "యుద్ధమూ శాంతీ" వుంది. టర్కీ సైన్యం కింద ఆర్మీనియన్ల ఊచకోతనూ, ఒక కొండ మీద వాళ్ళు చేసిన ప్రతిఘటననూ చిత్రించిన ఫ్రాంజ్ వెర్ఫెల్ నవల "ముసాదాగ్ నలభై దినాలు" వుంది. ఆ పాఠకులకు సాహిత్యం మత్తుమందు కాదు, దర్పణం. తమకు జరుగుతున్నది ఇంకెవరికైనా జరిగిందా, వాళ్ళేం చేశారు అని చూసుకున్నారు. ఒకే గది, ఒకే కౌంటరు. ఒకడు మరవటానికి వచ్చాడు, ఇంకొకడు తెలుసుకోవటానికి వచ్చాడు. ఏ ఒక్కరి గురించే రాసినా అది అబద్ధమవుతుంది.

క్రూక్‌ను మచ్చలేని వీరుడుగా చూపటం కూడా నాకు సమ్మతం కాదు. 1942 జనవరిలో ఘెట్టోలో నాటకప్రదర్శనలు మొదలైనప్పుడు, శ్మశానంలో నాటకాలేమిటని అతనూ అతని పక్షంవాళ్ళూ తీవ్రంగా వ్యతిరేకించారు. శ్మశానంలో నాటకం తగనప్పుడు డిటెక్టివ్ నవల ఎలా తగింది? ఈ వైరుధ్యాన్ని అతను సిద్ధాంతంతో పరిష్కరించలేదు. కొంతకాలానికి నాటకం పట్ల మెత్తబడ్డాడు, అంతే.

విల్నాలో మరొక లైబ్రేరియన్ వుంది. ఆమె కథను కొద్ది మాటలలో చెప్పక తప్పదు. ఓనా షిమైటె విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉద్యోగి, లిథువేనియన్, యూదురాలు కాదు. యూదు విద్యార్థులు తీసుకుపోయిన పుస్తకాలు గడువు దాటినా తిరిగి రాలేదు, వసూలు చేసుకోవాలి అనే నెపంతో జర్మన్ల వద్ద అనుమతి సంపాదించి ఘెట్టోలోకి వెళ్ళేది. లోపలికి ఆహారమూ ఉత్తరాలూ పట్టుకుపోయేది, బయటికి వ్రాతప్రతులు తెచ్చి దాచేది. 1944 ఏప్రిల్‌లో పట్టుబడింది. చిత్రహింసల తర్వాత డాహౌ నిర్బంధశిబిరానికీ, అక్కణ్ణుంచి ఫ్రాన్సులోని మరో శిబిరానికీ పంపారు. బతికి బయటపడి 1970 దాకా జీవించింది. గడువు దాటిన పుస్తకాల చిట్టా! నియంత తన కాగితాలను నమ్మినంతగా మరి దేన్నీ నమ్మడని ఆమె కనిపెట్టింది.

ఇక "కాగితాల దళం" సంగతి. పోల్ ఏర్పాటు ప్రకారం 1942లో ఘెట్టోనుంచి కొందరు చదువుకున్నవాళ్ళను రోజూ బయటికి తీసుకుపోయి, యూదు పరిశోధనాసంస్థ "యివో" భవనంలోనూ ఇతర చోట్లా పుస్తకాలు వేరుచేసే పనికి పెట్టారు. అందులో క్రూక్ వున్నాడు. "యివో" పండితుడు జెలిగ్ కల్మనోవిచ్ వున్నాడు. అబ్రహాం సుట్స్కెవర్, ష్మెర్కె కచెర్గిన్స్కి అనే యువకవులున్నారు. నూటికి ముప్పై వంతులు జర్మనీకి పంపాలి. మిగతా డెబ్బయి కాగితపు మిల్లుకు. విద్వాంసుల చేతనే తమ సంస్కృతికి మరణశిక్ష రాయించటమన్నమాట. పవిత్రగ్రంథాల తోలుచుట్టలు తోలు కార్ఖానాకు పోయాయి. ప్రసిద్ధమైన రోమ్ ముద్రణాలయంవారి సీసపు అచ్చుపలకలు కరిగించటానికి అమ్మేశారు.

పనివాళ్ళు సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఒంటికి చుట్టుకుని, చొక్కాల కింద దోపుకుని పుస్తకాలూ వ్రాతప్రతులూ ఘెట్టోలోకి చేరవేసేవాళ్ళు. దొరికితే దెబ్బలు, లేదా చావు. పొయ్యిలో వేసుకోవటానికి చిత్తుకాగితాలని చెప్పి, సుట్స్కెవర్ జర్మన్ అధికారి దగ్గరే రాతమూలకంగా అనుమతి తీసుకున్నాడు. ఆ చీటీతో టాల్‌స్టాయ్, గోర్కీల ఉత్తరాలు, షోలెం అలైఖెం వ్రాతప్రతులు గేటు దాటాయి. ఇతర పనిముఠాల వాళ్ళు అదే గేటులో అదే ప్రమాదానికి ఒడిగట్టి బంగాళాదుంపలూ పిండీ తెచ్చుకునేవాళ్ళు. ఆకలితో వున్న జనం వీళ్ళను ఎగతాళిగా పిలిచిన పేరే "కాగితాల దళం". ఆ ఎగతాళిని మనం తేలికగా కొట్టిపారెయ్యకూడదు. ఒక సంచీ పిండి ఒక బిడ్డను వారం రోజులు బతికిస్తుంది. ఒక వ్రాతప్రతి ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు ఇవాళ సుఖంగా కూర్చుని జవాబు చెప్పటానికి నాకు నోరు రావటం లేదు. వాళ్ళు మాత్రం, తమ వంతు ఆకలిని కూడా లెక్కలోకి తీసుకునే, కాగితాన్ని ఎంచుకున్నారు.

వాళ్ళలోనూ ఏకాభిప్రాయం లేదు. దొంగచాటుగా తెచ్చి ఘెట్టోలో దాస్తే ఘెట్టోతోపాటే అవీ నాశనమవుతాయనీ, జర్మనీకి వీలయినన్ని ఎక్కువ పంపితే జర్మనీ ఓడాక అక్కడే దొరుకుతాయనీ కల్మనోవిచ్ అభిప్రాయం. యువకులకు ఇది లొంగుబాటుగా కనిపించింది. వాళ్ళు నేలమాళిగల్లో దాచారు. చరిత్ర ఇద్దరికీ సగం సగం తీర్పు ఇచ్చింది. 1945లో అమెరికన్ సైన్యానికి జర్మనీలో దొరికిన గుట్టల్లో విల్నా పుస్తకాలు కూడా వున్నాయి. 1947లో అవి న్యూయార్కులోని "యివో"కు చేరాయి. కల్మనోవిచ్ అది చూడలేదు. ఎస్తోనియా నిర్బంధశిబిరంలో చనిపోయాడు. ఘెట్టోలో దాచినవాటిలో కొన్ని ధ్వంసమయ్యాయి, కొన్ని మిగిలాయి.

సుట్స్కెవర్ ఈ అనుభవం మీద రాసిన రెండు కవితలను విమర్శకులు తరచు ఉదాహరిస్తారు. "గోధుమ గింజలు" అనే కవితలో, దాచిన కాగితాలను ఈజిప్టు సమాధిలో వేల ఏళ్ళు నిద్రపోయి మళ్ళీ మొలకెత్తిన గింజలతో పోలుస్తాడు. ఉపమానం బలమైనదీ, నిజాయితీ గలదీ. రెండవది రోమ్ ముద్రణాలయం సీసపు పలకల గురించి: ఘెట్టో యోధులు రాత్రివేళ ఆ పలకలు కరిగించి తూటాలు పోసుకున్నట్టు రాశాడు. అక్షరం తూటా అయిందన్న ఈ కల్పన మన కవులకు కూడా పరమప్రీతిపాత్రమైనదే. కలాన్ని ఎన్నిసార్లు కత్తిని చేశామో లెక్కలేదు. అయితే అలా జరగలేదని చరిత్రకారులు తేల్చారు. ఆ సీసాన్ని అమ్ముకున్నవాళ్ళు జర్మన్లు. కవి కల్పించకూడదా అంటే, కల్పించవచ్చు. కాని నిజంగా జరిగింది ఇంతకంటె సామాన్యమైనదీ, నాకు ఇంతకంటె విలువైనదీ: సోవియట్ సైన్యం కోసం అచ్చయిన ఆయుధాల కరపత్రాలు ఆ పుస్తకాల గుట్టల్లోనే దొరికితే, ఘెట్టో రహస్యసైన్యం వాటిని చదివి మందుపాతర చెయ్యటం నేర్చుకుంది. అక్షరం తూటాగా మారనక్కరలేకపోయింది. చదివితే చాలింది.

1943 సెప్టెంబరు 23న ఘెట్టోను పూర్తిగా ఖాళీ చేయించారు. దానికి కొద్ది రోజుల ముందు కవులిద్దరూ అడవిలోని గెరిల్లాలలో కలిశారు. 1944 జులై 13న ఎర్రసైన్యం విల్నాను విముక్తం చేసింది. సుట్స్కెవర్, కచెర్గిన్స్కి తిరిగి వచ్చి, దాచినవి తవ్వి తీసి, స్ట్రషూన్ వీధిలోని ఆ పాత గ్రంథాలయభవనంలోనే యూదు మ్యూజియం పెట్టారు. 1946 ఫిబ్రవరి 27న సుట్స్కెవర్ నూరెంబర్గు న్యాయస్థానంలో సోవియట్ పక్షపు సాక్షిగా నిలబడ్డాడు.

కథ ఇక్కడ ముగిస్తే మనకు ఎంతో హాయిగా వుండేది. తర్వాతి సంగతి మన పత్రికలో రాయటం కొందరికి నచ్చకపోవచ్చు. విముక్తి తర్వాత నగర పారిశుధ్యశాఖ "యివో" కాగితాల గుట్టలను చెత్తగా భావించి మళ్ళీ కాగితపు మిల్లుకే తోలించింది. మ్యూజియానికి సక్రమంగా డబ్బు లేదు. పుస్తకాలు పాఠకుల చేతికి ఇవ్వటానికి అభ్యంతరాలు వచ్చాయి. జర్మన్ల కళ్ళు కప్పి ఘెట్టోలోకి తెచ్చిన కాగితాలనే, ఇప్పుడు సోవియట్ అధికారుల కళ్ళు కప్పి బయటికి పంపవలసి వచ్చింది. కచెర్గిన్స్కి కమ్యూనిస్టు అభిమాని. అతని గుండె ఎలా పగిలిందో ఊహించుకోవలసిందే. 1949లో మ్యూజియం మూసేశారు. మూసినవాళ్ళు హిట్లర్ అనుచరులు కారు, హిట్లర్‌ను ఓడించినవాళ్ళు. రెండు రాజ్యాలూ ఒకటేనని నేననటం లేదు. ఒకటి ఆ పాఠకులను చంపింది, రెండవది మిగిలినవాళ్ళను కాపాడింది. కాని కాగితపు మిల్లుకు పోయే పుస్తకానికి బండి ఎవరు తోలారన్న తేడా తెలియదు. మన పక్షం చేసింది కనక మాట్లాడకుండా వుంటే, పోల్‌ను విమర్శించే అర్హత మనకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అప్పుడు కూడా ఒక లైబ్రేరియనే అడ్డుపడ్డాడు. అంటానాస్ ఉల్పిస్ లిథువేనియన్. సోవియట్ లిథువేనియా గ్రంథమందిరానికి అధిపతి. ఆ కార్యాలయం ఒక పాత చర్చిలో వుండేది. మూసిన మ్యూజియంలోని కాగితాలనూ, చెత్తలోకి పోతున్న యూదు పుస్తకాలనూ అతను అక్కడికి చేర్పించి, ఇతర పుస్తకాల గుట్టల మాటున వుంచాడు. ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. 1981లో చనిపోయాడు. 1988-89లో ఆ నిలవ సంగతి లోకానికి తెలిసింది. 2017లో మరెన్నో వేల పుటలు గుర్తించారు. అదే ఏట డేవిడ్ ఫిష్‌మన్ ఈ చరిత్రనంతా ఇంగ్లీషులో గ్రంథంగా రాశాడు. తొందరపడి ఎవరినీ దేవుణ్ణి చెయ్యని మంచి పుస్తకం. ఇవాళ ఆ కాగితాలను ఛాయాచిత్రాలుగా ఎక్కడివాళ్ళైనా చూడవచ్చు. యిద్దిష్ చదవగలిగినవాళ్ళు విల్నాలో ఇప్పుడు కొద్దిమందే.

క్రూక్ ఏమయ్యాడో చెప్పకుండా వచ్చాను. అతను గెరిల్లాలలో కలవలేదు. ఘెట్టో ఖాళీ అయినప్పుడు అతన్ని ఎస్తోనియాలోని శిబిరాలకు తోలారు. అక్కడా రాస్తూనే వున్నాడు. దొరికిన కాగితం మీద, చిన్న అక్షరాలతో. 1944 సెప్టెంబరు 17న, లగెడి శిబిరంలో, ఆరుగురు సాక్షులను పక్కన నిలబెట్టుకుని ఆ నోటుపుస్తకాలను భూమిలో పాతిపెట్టాడు. మర్నాడు అతన్నీ, తోటి ఖైదీలనూ కాల్చి చంపి, శవాలను కట్టెల మీద తగలబెట్టారు. కొద్ది రోజులకే ఎర్రసైన్యం వచ్చింది. ఆరుగురు సాక్షులలో ఒకడు బతికాడు. వెళ్ళి తవ్వి తీశాడు. విల్నా దినచర్య యిద్దిష్‌లో 1961లో అచ్చయింది. లగెడి కాగితాలతో సహా ఇంగ్లీషు అనువాదం 2002లో వచ్చింది.